కందకానికి అవతలి గట్టు

మార్క్ బెనియాఫ్ రాసిన ‘బిహైండ్ ద క్లౌడ్’ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి కొన్నేళ్ళ కిందట, ఆ కంపెనీ షేర్లు కొనాలా వద్దా తేల్చుకోడానికి. రెండోసారి పోయిన ఎండాకాలం, కళ్యాణదుర్గం దగ్గర మా ఊర్లో, వేపచెట్టు కింద మంచం వాల్చుకుని. మొదటిసారి పెన్సిలుతో గీసుకున్న గీతలు పేజీల్లో అలాగే ఉన్నాయి. వాటిలో సగం రెండోసారి నన్ను ఇబ్బంది పెట్టాయి. ఆ ఇబ్బంది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పుకోడానికే ఈ వ్యాసం.

ముందే ఒక మాట. నేను అనంతపురంలో ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, జీతంలో మిగిలినదాంట్లో కొంత అమెరికా కంపెనీల షేర్లలో పెడుతున్నవాణ్ణి. మార్కెట్ పండితుణ్ణి కాను. ఫలానాది కొనండి, ఫలానాది అమ్మండి అని చెప్పే ఉద్దేశం లేదు. కానీ కంపెనీల గురించి వచ్చే పుస్తకాలను కథలు చదివినట్టే చదువుతాను. ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు, ఎవరి గొంతు వినబడటం లేదు అని చూసుకుంటాను. బ్యాలెన్స్ షీటులో దొరకని సంగతులు కొన్ని ఈ ప్రశ్నలకు దొరుకుతాయని నా నమ్మకం.

నేను అన్నిటికన్నా ఎక్కువకాలంగా గమనిస్తున్న రంగం సీఆర్ఎం, అంటే కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. పేరు పెద్దది గానీ పని పాతదే. ఏ కస్టమర్ ఎప్పుడు ఏం కొన్నాడు, ఏం అడిగాడు, ఎందుకు కోప్పడ్డాడు, మళ్ళీ ఎప్పుడు ఫోన్ చేయాలి: ఇవన్నీ ఒకచోట రాసిపెట్టుకోడం. సేల్స్‌ఫోర్స్, మైక్రోసాఫ్ట్, హబ్‌స్పాట్, మనవైపు జోహో, ఫ్రెష్‌వర్క్స్ ఈ రంగంలో కొట్లాడుకుంటున్న కంపెనీలు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో సేల్స్‌ఫోర్స్ షేరు గుర్తే ‘సీఆర్ఎం’ అనే మూడక్షరాలు. రంగం పేరును తన ఇంటిపేరు చేసుకున్న కంపెనీ అది.

ఇక మా నాయన సంగతి. పోయిన ఎండాకాలం ఊరికి పోయినప్పుడు రాత్రి లాప్‌టాప్‌లో షేర్ల ధరలు చూస్తుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు. “ఇది ఏం అమ్ముతాదప్పా?” అని అడిగాడు. చెప్పాను. కాసేపు విని, “మన అంగడాయన పుస్తకం మాదిరే కదా” అన్నాడు. అంతేనన్నాను. ఉత్సాహం వచ్చి ఇంకొంచెం చెప్పాను. ఒకసారి దీంట్లో చేరిన కస్టమర్ తొందరగా బయటికి పోలేడు నాయనా, అందుకే ఈ కంపెనీలు మంచివి, దీన్నే కందకం అంటారు, వారెన్ బఫెట్ చెప్పిన మాట అన్నాను. కోట చుట్టూ కందకం ఉంటే శత్రువు లోపలికి రాలేడు కదా, అట్లా. మా నాయన తెర వైపు చూస్తూ, “వాళ్ళు యాటికీ పోలేరంటే నీకు మంచిదా?” అన్నాడు. అవునన్నాను. “అట్లయితే మనం ఇప్పుడు అంగడాయన పక్కన కూచున్నట్టు గదప్పా.”

కోపంగా అనలేదు. ఒక లెక్క తేల్చుకున్నట్టు అన్నాడు, లేచి పడుకోడానికి పోయాడు.

ఈ మాట అర్థం కావాలంటే అంగడాయన ఎవరో చెప్పాలి. అనంతపురం జిల్లాలో వర్షం ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. అదీ పడాల్సినప్పుడు పడదు. ఎర్రనేల, బోరు లేని మెట్ట, శెనక్కాయ తప్ప ఇంకోటి వేయలేని చేను. జూన్, జులైలో రెండు పదునులు పడ్డాయంటే విత్తనం కావాలి, ఎరువు కావాలి, కూలీలకు డబ్బు కావాలి. రైతు దగ్గర అప్పుడు ఏమీ ఉండదు. అంగడాయన దగ్గర అన్నీ ఉంటాయి. విత్తనం ఇస్తాడు, మందులు ఇస్తాడు, పుస్తకంలో రాసుకుంటాడు. పంట వచ్చాక కాయలు ఆయన కాటాకే తేవాలి. ధర ఆయన చెప్పిందే. ఒక ఏడాది చెళ్ళకెర మార్కెట్లో రేటు బాగుందని విని మా నాయన లారీ మాట్లాడుకున్నాడు. అంగడాయన వద్దనలేదు. తిట్టలేదు. పుస్తకం తీసి మా పేజీ తిప్పి, “లెక్క తేల్చుకోని పో అన్నా, నాదేముంది” అన్నాడు. మూడేళ్ళ కరువు ఆ పేజీలో వడ్డీతో సహా ఉంది. లారీ వెనక్కి పోయింది.

ఆయన దుర్మార్గుడు కాదు. నాకు జ్వరం ముదిరిన రాత్రి అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయింది ఆయన జీపులోనే. అక్క పెళ్ళికి ముందు వరసలో కూర్చున్నాడు. మా ఇంట్లో ఎవరు ఏం చదువుతున్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో ఆయనకు తెలుసు. ‘కస్టమర్ రిలేషన్‌షిప్’ అన్నమాటకు అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ సంబంధం నిజమే, ఆ కట్టు కూడా నిజమే. రెండూ ఒకే పుస్తకంలో ఉండేవి.

ఇది మనసులో పెట్టుకుని ‘బిహైండ్ ద క్లౌడ్’ మళ్ళీ తెరిచాను.

* * *

2009లో వచ్చిన ఈ పుస్తకాన్ని బెనియాఫ్ కార్లై ఆడ్లర్‌తో కలిసి రాశాడు. 111 చిన్నచిన్న సూత్రాలుగా ఉంటుంది. ఒరాకిల్‌లో 13 ఏళ్ళు పనిచేసినవాడు, కొంతకాలం సెలవు పెట్టి తిరుగుతాడు. కేరళకు వచ్చి మాతా అమృతానందమయిని కలుస్తాడు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక అపార్ట్‌మెంట్లో పార్కర్ హారిస్, ఇంకో ఇద్దరు ఇంజనీర్లతో కలిసి సేల్స్‌ఫోర్స్ మొదలుపెడతాడు. అక్కణ్ణుంచి కథ పరుగెత్తుతుంది.

కథలో ప్రతినాయకుడు సీబెల్ సిస్టమ్స్. ఒరాకిల్ నుంచే వచ్చిన టామ్ సీబెల్, పాట్రీషియా హౌస్‌తో కలిసి 1993లో పెట్టిన కంపెనీ. ఆ రోజుల్లో సీఆర్ఎం అంటే సీబెలే. దాన్ని కొనాలంటే ముందే పెద్ద మొత్తం లైసెన్సుకు కట్టాలి, సర్వర్లు కొనాలి, కన్సల్టెంట్లను పెట్టుకోవాలి, నెలలూ ఏళ్ళూ అమర్చుకోవాలి. అంత చేశాక అది పనిచేయకపోయినా వదులుకోలేని పరిస్థితి. బెనియాఫ్ దీన్ని పట్టుకున్నాడు. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజరు తెరిస్తే చాలు, మనిషికి నెలకు 50 డాలర్లు, నచ్చకపోతే మానేయండి అన్నాడు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట మీద ఎర్రగీత కొట్టి దాన్నే కంపెనీ గుర్తు చేసుకున్నాడు. 2000లో సీబెల్ కస్టమర్ల సభ జరుగుతున్న హాలు బయట కిరాయి నటుల చేత ‘సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లింది’ అంటూ ఉత్తుత్తి ధర్నా చేయించిన ఘట్టం పుస్తకంలో అందరికీ గుర్తుండిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు నేను పగలబడి నవ్వాను.

ఇప్పుడు నాకు ఆ ఘట్టంలో కనిపించేది వేరు. హాలు బయట ధర్నా చేసినవాళ్ళు నటులు. లోపల కూర్చున్నవాళ్ళు నిజంగా ఇరుక్కున్న కస్టమర్లు. పుస్తకంలో మనం నటులతో గడుపుతాం, లోపలివాళ్ళ దగ్గరికి పోము. సీబెల్ కొని ఇరుక్కున్న ఒక మామూలు సేల్స్ మేనేజరు తన మాటల్లో ఏమనుకుని ఉంటాడు? అతని కోపమే కదా ఈ కథకు పెట్టుబడి. ఆ కోపాన్ని గుర్తించడంలో బెనియాఫ్ మహా సమర్థుడు. దానికి మాటలివ్వడంలో మాత్రం ఆసక్తి లేదు.

పుస్తకంలో నాకు ఇప్పటికీ నచ్చే భాగం ఒకటుంది. 2005 డిసెంబరులో సర్వీసు ఆగిపోయి కస్టమర్లు గగ్గోలు పెట్టారు. కంపెనీ మొదట సర్దిచెప్పబోయి, ఆ తర్వాత తన సర్వర్లు ఎప్పుడు పనిచేస్తున్నాయో ఎప్పుడు లేదో అందరికీ కనబడేలా ఒక సైటు పెట్టింది. తన తప్పుల పుస్తకాన్ని తనే బజార్లో తెరిచి పెట్టింది. ఏ అంగడాయనా చేయని పని అది. పుస్తకంలో డప్పు మోగని కొద్ది పేజీల్లో ఇవి కొన్ని. ‘నమ్మకం’ అన్న మాటకు ఒళ్ళు వచ్చేది ఇక్కడే. పదేళ్ళ తర్వాత, 2019లో వచ్చిన ‘ట్రెయిల్‌బ్లేజర్’ నిండా నమ్మకం, విలువలు అన్న మాటలే. కానీ అవి వేదిక మీద పలికిన మాటల్లా ఉంటాయి.

మదుపరిగా చూస్తే కథ సుఖాంతం. 2005లో సీబెల్‌ను ఒరాకిల్ 585 కోట్ల డాలర్లకు కొనేసింది. 2004లో 11 డాలర్లకు మార్కెట్లోకి వచ్చిన సేల్స్‌ఫోర్స్ షేరు, 2013లో ఒకటి నాలుగైంది. ఆ నాలుగో వంతు షేరు 2021 నవంబరులో 300 డాలర్లు దాటింది. మొదటిరోజు కొని కదలకుండా కూర్చున్నవాడికి నూరు రెట్లు పైమాటే.

అయితే ఈ నూరు రెట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ‘నచ్చకపోతే మానేయండి’ అన్న మాట నుంచి మాత్రం కాదు. ఒక ఇంజనీరుగా ఇక్కడ కొంచెం వివరించాలి. పేర్లూ ఫోన్ నంబర్లూ బయటికి తీసుకోడం కష్టం కాదు, ఒక ఫైలులో దించుకుంటే సరిపోతుంది. కష్టం మిగతాది. ఈ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కంపెనీ తన అవసరానికి తగ్గట్టు సొంత గళ్ళు చేర్చుకుంటుంది. ఎవరు ఆమోదిస్తే ఏ కాగితం ఎటు పోవాలో నియమాలు రాసుకుంటుంది. బిల్లింగు, గోడౌను, కాల్ సెంటరు అన్నీ దీనికి ముడేస్తుంది. సేల్స్‌ఫోర్స్‌లో ఇంకా లోతైన పని కావాలంటే ఎపెక్స్ అనే భాషలో కోడ్ రాయాలి. ఆ భాష సేల్స్‌ఫోర్స్‌ది. బయట ఎక్కడా నడవదు. పదేళ్ళపాటు పదిమంది రాసిన కోడ్ అంతా ఆ నేలలోనే మొలిచి ఆ నేలలోనే ఉంటుంది. వేరేచోటికి పోవాలంటే చేను వదిలేసి పోవడమే. ఏటా వదిలిపోయే రాబడి సుమారు 8 శాతమని కంపెనీ తన నివేదికల్లో చెప్తుంది. మేమంతా ఆ అంకె చూసి ముచ్చటపడతాం. 2023లో కంపెనీ ధరలను సగటున 9 శాతం పెంచినప్పుడు నేను కూడా ముచ్చటపడ్డాను. ధర పెంచినా జనం పోరు, కందకం లోతుగా ఉంది అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మా నాయన ప్రశ్న తర్వాత ఆ వాక్యం మళ్ళీ చూసుకుంటే, అది కందకం ఇవతల నిలబడి రాసిన వాక్యం. కోట కందకం బయటివాళ్ళు లోపలికి రాకుండా తవ్వేది. ఈ కందకం లోపలివాళ్ళు బయటికి పోకుండా తవ్వింది. ఇన్నేళ్ళూ రెంటినీ ఒకే మాటతో పిలిచాను.

* * *

‘హిట్ రిఫ్రెష్’ దగ్గరికి నేను వేరే ఆశతో వెళ్ళాను. సత్య నాదెళ్ళ హైదరాబాదులో పెరిగినా, ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్‌ది మా జిల్లా. యల్లనూరు మండలం బుక్కాపురం. ఐఏఎస్ అధికారిగా గ్రామీణాభివృద్ధిలో, తర్వాత ప్రణాళికా సంఘంలో పనిచేసి, ఈ మెట్ట ప్రాంతాల కష్టం తెలిసినవాడని పేరు తెచ్చుకున్నాడు. పుస్తకంలో ఒక చక్కటి దృశ్యం ఉంది. తండ్రి కొడుకు గదిలో కార్ల్ మార్క్స్ బొమ్మ పెడతాడు. తల్లి లక్ష్మీదేవి బొమ్మ పెడుతుంది. కొడుక్కి కావలసింది మాత్రం క్రికెటర్ జయసింహ బొమ్మ. మార్క్స్‌కూ లక్ష్మికీ మధ్య పెరిగినవాడు ఈ వ్యాపారం గురించి ఏమంటాడో చూడాలని నాకు కుతూహలం.

పైగా ఆయన ఈ రంగానికి కొత్తవాడు కాదు. మైక్రోసాఫ్ట్ 2003లో తొలి సీఆర్ఎం తెచ్చింది. బింగ్ సెర్చికి వెళ్ళకముందు ఆయన పనిచేసింది ఈ వ్యాపార సాఫ్ట్‌వేర్ విభాగంలోనే. డగ్ బర్గమ్‌ని గురువుగా పుస్తకంలో తలచుకుంటాడు. 2014లో కంపెనీ పగ్గాలు చేతికొచ్చాయి. 2015లో సేల్స్‌ఫోర్స్ వార్షిక సభ వేదికెక్కి, జేబులోంచి ఐఫోన్ తీసి చూపిస్తాడు. మైక్రోసాఫ్ట్ అధిపతి చేతిలో ఐఫోనా అని సభ విస్తుపోతుంది. శత్రువులతోనూ కలిసి పనిచేయాలన్న అధ్యాయానికి అది నాంది. దృశ్యం బాగుంది, రాసిన తీరూ బాగుంది.

కానీ అదే ఏడాది సేల్స్‌ఫోర్స్‌ను మైక్రోసాఫ్ట్ కొనబోయి బేరం కుదరక ఆగిపోయిందని పత్రికల్లో వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో 2,620 కోట్ల డాలర్లకు లింక్డిన్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నప్పుడు, అటువైపు పోటీ పాడింది సేల్స్‌ఫోర్సే. ఓడిపోయాక బెనియాఫ్ ఈ కొనుగోలు పోటీకి దెబ్బ అని నియంత్రణ సంస్థల దగ్గర మొరపెట్టుకున్నాడు. 2016 డిసెంబరులో ఐరోపా కమిషన్ షరతులు పెట్టి ఒప్పుకుంది. ఐఫోన్ దృశ్యం వెనక నడిచిన వేలంపాట ఇది. ఉద్యోగులూ అమ్మకందార్లూ తమ వివరాలు తామే రాసుకున్న అతిపెద్ద పుస్తకం లింక్డిన్. దాని కోసమే ఆ పోటీ అంతా. అందులో పేర్లున్న కోట్లమందిని ఎవరూ ఏమీ అడగలేదు. నా పేరూ అందులో ఉంది.

‘హిట్ రిఫ్రెష్’లో తరచూ వినబడే మాట సహానుభూతి. కొడుకు జెయిన్ అనారోగ్యం గురించి రాసిన పేజీల్లో ఆ మాట బరువు తెలుస్తుంది, చదువుతూ పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. కంపెనీ వ్యవహారాల్లోకి వచ్చేసరికి అదే మాట తేలికైపోతుంది. అవతలివాడి అవసరం తెలుసుకోడం సహానుభూతే. తెలుసుకున్నాక అతన్ని కదలనివ్వకపోవడాన్ని ఏమనాలి? ఈ ప్రశ్న పుస్తకంలో లేదు. మా అంగడాయనకూ సహానుభూతి ఉండేది.

* * *

ఈ రంగం మీద వచ్చిన పుస్తకాల్లో కింది గదుల నుంచి వినబడ్డ గొంతు డాన్ లయన్స్ ‘డిస్‌రప్టెడ్’ది. ‘న్యూస్‌వీక్’ పత్రికలో ఉద్యోగం పోయి, యాభై దాటిన వయసులో హబ్‌స్పాట్‌లో చేరిన పాత్రికేయుడు 2016లో రాసిన పుస్తకం. ఉద్యోగం తీసేయడాన్ని అక్కడ ‘గ్రాడ్యుయేషన్’ అంటారట. కుర్రవాళ్ళ మధ్య పెద్దవాడి అవస్థ, చాక్లెట్ల గోడ, అబద్ధాల ఉత్సాహం చదువుతుంటే నవ్వూ జాలీ కలిసి వస్తాయి. ఈ రాతప్రతిని సంపాదించే ప్రయత్నాల గొడవలో కంపెనీ తన మార్కెటింగ్ అధిపతినే తొలగించాల్సి వచ్చింది.

ఒక మదుపరికి ఈ పుస్తకం మంచి చెంపదెబ్బ. లయన్స్ చూసింది నిజమే అనుకుందాం. ఆ కంపెనీ షేరు 2014లో 25 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది, 2021లో 800 దాటింది. ఆఫీసు లోపలి కథ చదివి షేరు ధర ఊహించబోయినవాడు నిండా మునిగేవాడు. లయన్స్ వ్యంగ్యం అంతా ఆఫీసు గోడల మధ్యే తిరుగుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ కొన్న చిన్నచిన్న వ్యాపారాలకు అది ఉపయోగపడిందా లేదా అన్నది ఆయనా పట్టించుకోలేదు. అధిపతి రాసినా, అధిపతిని ఎగతాళి చేసినవాడు రాసినా, కొన్నవాడు మాత్రం పుస్తకం బయటే ఉన్నాడు.

మన పొరుగున చెన్నైలో జరిగిన కథ ఇంకా ఆసక్తికరం, దానిమీద ఇలాంటి పుస్తకం నా చేతికి రాలేదు. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైన జోహో 2005లో సీఆర్ఎం తెచ్చింది. బయటి మదుపర్ల డబ్బు తీసుకోలేదు, మార్కెట్లోకి రాలేదు. తెన్‌కాశి లాంటి చోట్ల, మనవైపు రేణిగుంటలోనూ ఆఫీసులు పెట్టింది. అక్కడే పనిచేసి బయటికొచ్చిన గిరీష్ మాతృభూతం 2010లో ఫ్రెష్‌డెస్క్ పెట్టాడు. అమెరికా నుంచి సామానుతో వచ్చిన టీవీ పగిలి, పరిహారం కోసం తిరగడం ఒక కారణం. జెన్‌డెస్క్ ధరలు పెంచితే కస్టమర్లు మండిపడుతున్నారని చదవడం ఇంకో కారణం. గమనించండి, మళ్ళీ ఒక కస్టమర్ కోపమే విత్తనం. ఆ కంపెనీ ఫ్రెష్‌వర్క్స్‌గా 2021 సెప్టెంబరులో 36 డాలర్లకు నాస్‌డాక్‌లో అడుగుపెట్టింది, వందలమంది ఉద్యోగులు ఒక్కరోజులో కోటీశ్వరులయ్యారు. కొన్ని నెలలకే షేరు ఆ ధర కిందికి జారింది. రహస్య సమాచారం వాడుకున్నారంటూ జోహో వేసిన దావా అదే ఏడాది రాజీతో ముగిసింది. జోహోలో నేను డబ్బు పెట్టాలన్నా పెట్టలేను, అది అమ్మకానికి లేదు. మదుపర్లకు జవాబు చెప్పక్కర్లేని అంగడి కస్టమర్లతో వేరేగా ఉంటుందా? ఎవరైనా ఓపిగ్గా పరిశోధించి రాయాల్సిన ప్రశ్న ఇది.

* * *

కస్టమర్ గొంతు కోసం నేను పుస్తకాల్లో వెతకనక్కర్లేదు, నిజానికి. అది నా ఉద్యోగంలోనే వినబడింది. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ప్రాజెక్టు, పనిముట్లు తయారుచేసే ఒక మధ్యరకం కంపెనీని ఒక సీఆర్ఎం నుంచి ఇంకోదానికి మార్చడం. ఎవరి పేర్లూ ఇక్కడ అనవసరం. పేర్లూ ఫోన్ నంబర్లూ వారంలో దించాం. మిగతాది ఏడాది దాటినా తేలలేదు. పాత నియమాలు ఎవరు రాశారో, ఎందుకు రాశారో చెప్పేవాళ్ళు ఉద్యోగాలు మారిపోయారు. ఒక గడి తీసేస్తే ఇంకెక్కడో బిల్లు ఆగేది. పద్నాలుగో నెలలో వాళ్ళ ఐటీ మేనేజరు ఫోన్ చేసి, ఇక చాలు, పాతదానికే మూడేళ్ళకు సంతకం పెట్టేశాం అన్నాడు. ఆయన గొంతు నాకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. లారీని వెనక్కి పంపి ఇంటికొచ్చిన రోజు మా నాయన గొంతు అది. ఆ రాత్రి నా ఖాతా చూసుకున్నాను. ఆ పాత సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ షేర్లు నా దగ్గర ఉన్నాయి. ఆయన సంతకంలో ఒక పైసా భాగం నాది.

ఇది నీతి సమస్య మాత్రమే అయితే, డబ్బు వేరు ధర్మం వేరు అని సర్దుకుపోయే అలవాటు మనకుంది. కానీ ఇది డబ్బు సమస్య కూడా. సీబెల్ కందకం ఎంత లోతైనదని 2000లో అందరూ అనుకున్నారో, బెనియాఫ్ పుస్తకమే సాక్ష్యం. ఇష్టం లేకుండా ఉన్నవాడు దారి దొరకగానే పోతాడు. ఇష్టపడి ఉన్నవాడు, పోలేక ఉన్నవాడు ఇద్దరూ కంపెనీ నివేదికలో ఒకే అంకెలో కలిసిపోతారు. నివేదిక వాళ్ళను విడదీసి చూపదు. దారి తెరుచుకున్నప్పుడే తేడా తెలుస్తుంది.

ఆ దారి ఇప్పుడు తెరుచుకుంటుందా అన్నదే మార్కెట్ భయం. 2024 మే 30న సేల్స్‌ఫోర్స్ షేరు ఒక్కరోజులో దాదాపు ఐదో వంతు పడింది. అదే ఏడాది డిసెంబరులో నాదెళ్ళ ఒక సంభాషణలో, వ్యాపార అప్లికేషన్లంటే డేటాబేసు మీద రాసుకున్న కొన్ని నియమాలే, ఏఐ ఏజెంట్లు వచ్చాక ఆ నియమాలు వాటిలోకి వెళ్ళిపోతాయి, ఈ అప్లికేషన్లన్న భావనే కూలిపోవచ్చు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. బెనియాఫ్ తన ఏజెంట్లను తెచ్చాడు, కస్టమర్ సపోర్టు సిబ్బందిని 9,000 నుంచి 5,000కు తగ్గించామని 2025లో చెప్పాడు. అదే ఏడాది తాను కొన్న స్లాక్‌లోని సందేశాలను బయటి కంపెనీలు గంపగుత్తగా తీసుకుపోయి దాచుకోకుండా సేల్స్‌ఫోర్స్ కట్టడి చేసింది. భద్రత కోసమన్నారు. ఆ సందేశాలు రాసింది కస్టమర్లు. ‘సాఫ్ట్‌వేర్’ మీద ఎర్రగీత కొట్టి, నచ్చకపోతే మానేయండి అన్న కంపెనీ పాతికేళ్ళకు తలుపు గడియ సరిచూసుకుంటోంది. ‘బిహైండ్ ద క్లౌడ్’ని ఈనాడు చదవడంలో ఉన్న విషాదం ఇది. అందులో సీబెల్ గురించి రాసిన చాలా వాక్యాల్లో పేరు మార్చి చదువుకోవచ్చు.

అమ్మేశావా అని అడగొచ్చు మీరు. కొన్ని అమ్మాను, కొన్ని ఉంచాను. పూర్తిగా కడిగేసుకున్నానని చెప్పుకోడానికి లేదు, నా జీతమే ఈ రంగం నుంచి వస్తుంది. మారింది చదివే తీరు. ఇప్పుడు కొత్త కంపెనీ ఏదైనా చూస్తే, చేరడం ఎంత తేలికో చెప్పే పేజీ వదిలేసి, వెళ్ళిపోవడం ఎలాగో చెప్పే పేజీ వెతుకుతాను. వెళ్ళే దారి తెరిచి పెట్టి కూడా కస్టమర్లను నిలుపుకోగలిగిన కంపెనీ దొరికితే అంతకన్నా మంచి పెట్టుబడి ఉండదనుకుంటాను. ఇంతవరకూ తక్కువే దొరికాయి.

ఈ పుస్తకాలు చదవదలచినవాళ్ళకు నా సలహా: ‘డిస్‌రప్టెడ్’తో మొదలుపెట్టి, తర్వాత ‘బిహైండ్ ద క్లౌడ్’, చివర ‘హిట్ రిఫ్రెష్’ చదవండి. ‘ట్రెయిల్‌బ్లేజర్’ వదిలేసినా పోయేదేం లేదు. మూడూ పూర్తయ్యాక నాలుగో పుస్తకం ఒకటి లేని లోటు తెలుస్తుంది. అమీర్‌పేట గదుల్లో సేల్స్‌ఫోర్స్ కోర్సులు చేసి, బెంగళూరు నుంచి డల్లాస్ దాకా ఈ సాఫ్ట్‌వేర్లను అమర్చి, ఆ ఇరుకును కళ్ళారా చూసిన తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఏదో ఒక బాకీ పుస్తకంలో ఒక పేజీ ఉండేది. కొన్నవాడి వైపు నుంచి ఈ కథ రాయడానికి వాళ్ళకన్నా తగినవాళ్ళు లేరు.

మొన్న దసరాకు పోయినప్పుడు మా నాయన మళ్ళీ అడిగాడు, “ఆ కంపెనీ ఎట్లుందప్పా?” అని. ఫర్వాలేదన్నాను. “వాళ్ళు పోతాన్నారా, ఉండారా?” అన్నాడు. ఉన్నారు నాయనా అన్నాను. ఎందుకున్నారో మాత్రం ఆ నివేదికలో లేదు.